లోపలి ఊరికి దారి

గనిలోకి దిగేవాడు దీపాల గది కిటికీ దగ్గర నిలబడేది ఎంతసేపని? టోపీ దీపం చేతికందుకుని, వెలుగుతోందో లేదో ఒకసారి నొక్కి చూసుకుని పక్కకి తప్పుకోవాలి. వెనక వరస తోసుకొస్తూనే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో ఒక మనిషికి కథంతా చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని కిటికీ లోపలినుంచి దీపాలందించే దీపాలక్క మనిషికి ఒక్క ముక్క చొప్పున పంచిపెట్టేది. మొదటివాడికి, "లోపలి ఊళ్ళో ఇవాళ రాణిగారి అద్దం పగిలింది," అనేది. రెండోవాడికి, "పగలగొట్టింది పిల్లి కాదు," అనేది. "మరెవరు?" అని వాడు నోరు తెరిచేలోగా, "నీ వెనకవాడికి చెప్తాగా, జరుగు," అని దీపం వాడి చేతిలో పెట్టేసేది.

కింద భోజనాల వేళకి అందరూ గుండ్రంగా కూర్చుని, ఎవరి ముక్క వాళ్ళు బయటపెట్టి, కథని అతికించుకునేవారు. ఎవడైనా తన ముక్క మరిచిపోతే కథకి చిల్లు పడేది. బండోడనే ఒక భారీకాయుడు ఉన్నాడు, వాడు రోజూ మరిచిపోయేవాడు. తిట్లు తప్పించుకోవడానికి తోచిందేదో చెప్పి ఆ చిల్లు పూడ్చేవాడు. "రాణిగారి కోట ఎక్కడనుకుంటున్నారు? మూసేసిన పాత సొరంగాల్లో, ఆ పంపు గది వెనకాలే," అనేవాడు. మిగతావాళ్ళు వాణ్ణి వెక్కిరిస్తూనే ఆ మాట కూడా కథలో కలిపేసుకునేవారు. అలా దీపాలక్క పైన చెప్పింది ఒక కథ, కింద అతుక్కుని తయారైంది ఇంకో కథ. ఆ రెండో కథ ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు. పడి ఉంటే బాగుండేది.

ఆమె చెప్పే లోపలి ఊళ్ళో రాక్షసులూ పాములూ ఉండరు. భూమి బంతిలా బోలుగా ఉంటుంది, దాని లోపలి గోడ మీద మనుషులు నడుస్తూ ఉంటారు, అంతే. మన పాదాలూ వాళ్ళ పాదాలూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో నేల ఒక్కటే అడ్డం. మనం ఇక్కడ గట్టిగా అడుగేస్తే అక్కడ ఎవరికో అరికాలు జిల్లుమంటుంది. వాళ్ళకి సూర్యుడు లేడు కాబట్టి ఇంటికో దీపం బయట వేలాడదీసుకుంటారు. ఒక ఇంట్లో దీపం ఆరితే పక్కింటివాళ్ళు వచ్చి వెలిగించేదాకా ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టరు. చదువుకున్నవాళ్ళెవరైనా వింటే పక్కున నవ్వే సంగతులే. కానీ రోజంతా నల్లటి గోడని తవ్వి తవ్వి వచ్చేవాళ్ళకి ఆ గోడ అవతల దీపాలున్నాయనుకోవడంలో ఒక హాయి ఉంది.

"నీకెలా తెలుసక్కా ఇదంతా?" అని అడిగేవారు.

"మా నాన్న చెప్పాడు. పాత సొరంగాల్లో పనిచేసిన మనిషి కదా," అనేది ఆమె.

పచ్చి అబద్ధం. వాళ్ళ నాన్న ఇంటికొచ్చి, ఒళ్ళు కడుక్కుని, మాటలు కొనుక్కోవాలన్నట్టు మూతి బిగించుకుని నిద్రపోయేవాడు. ఆయన కూతురికి చెప్పింది ఏమైనా ఉందంటే, తలుపు గడియ పెట్టమని. కానీ నాన్న పేరు తగిలిస్తే కథకి ఉప్పూకారం అద్దినట్టు రుచొచ్చేది. అందుకని ఎవరడిగినా ఆ మాటే అనేది. ఎవరికీ నష్టం లేని అబద్ధమే అనుకుంది.

అసలు ఆ ఊరు పుట్టింది తమ్ముడి కోసం. వాడి చిన్నప్పుడే అమ్మ పోయింది. సాయంత్రమైతే నాన్న ఏడీ అని రాగం మొదలుపెట్టేవాడు. "లోపలి ఊరివాళ్ళకి దీపాలు వెలిగించి వస్తాడురా," అని అక్క చెప్తే ఊరుకునేవాడు. తర్వాత దగ్గుతూ దగ్గుతూ నాన్న కూడా పోయాడు. వాడికి అప్పుడు ఐదేళ్ళు. పోయాడన్న మాట వాడితో అనడానికి ఆమెకి నోరు రాలేదు. "నాన్న ఆ ఊళ్ళోనే ఉండిపోయాడురా చిన్నోడా. కింద వెచ్చటి గాలి వచ్చేచోట రెండు దారులుంటాయి. ఎడమ దారిలో వెళ్తే తలుపొస్తుంది. ఆ తలుపు దగ్గర నాన్న దీపం పట్టుకుని నిలబడి ఉంటాడు," అంది. ఆ రోజు నుంచి వాడు పడుకునేముందు నేల మీద కాలుతో టపటపా కొట్టేవాడు, నాన్న అరికాలికి తగలాలని. కింద అద్దెకున్నవాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నా మానేవాడు కాదు.

పెరిగి పెద్దయ్యాక, అక్క నెత్తీనోరూ కొట్టుకుని వద్దన్నా వినకుండా వాడూ గనిలోనే చేరాడు. గనిలోనూ చిన్నోడనే పేరే నిలిచిపోయింది. పెళ్ళి కూడా అయింది. రోజూ కిటికీ దగ్గర దీపం అందుకుంటూ, "నాన్నకేం చెప్పమంటావక్కా?" అని నవ్వేవాడు. "భోజనానికి రమ్మను," అనేది ఆమె. అది వాళ్ళిద్దరి మధ్య ఆట. ఆట అనే ఆమె అనుకుంది.

గని కప్పు కూలింది పొద్దున్న షిఫ్టులోనే. పైన దీపాల గదిలో కొక్కేలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. తర్వాత సైరన్ మోగింది. మిగతా షిఫ్టంతా లిఫ్టులో పైకొచ్చేసి, దీపాలు కిటికీలో పడేసి, అక్కడే చతికిలబడ్డారు. ఆమె వచ్చిన దీపం వచ్చినట్టు కొక్కేనికి తగిలించింది. చివరికి ఆరు కొక్కేలు ఖాళీగా మిగిలాయి. అందులో ఒకటి చిన్నోడిది. ఇంకొకటి బండోడిది. మరొకటి కర్రల తాతది. కప్పుకి ఆనుగా కర్రలు నిలబెట్టడం ఆయన పని, గనిలో అందరికంటే పెద్దవాడు.

గని ఇంజనీరు మంచివాడు. అరిచేవాడు కాదు, ఆశపెట్టేవాడు కాదు. నక్షా చూసి, ఆ ఆరుగురూ ఉంటే గింటే ఎక్కడ ఉంటారో లెక్కగట్టి, సరిగ్గా అక్కడికే పైనుంచి సన్నటి గొట్టం దింపించాడు. ఒక రోజు పట్టింది. గొట్టం చివర ఖాళీలోకి దిగగానే కిందనుంచి ఎవరో దానిమీద రాయితో కొట్టారు. పైన ఉన్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆరుగురూ బతికే ఉన్నారు. తాతకి మాత్రం కాలు విరిగింది.

గొట్టంలోంచి కాసేపు గాలి పంపేవారు. కాసేపు మిషను ఆపి మాట్లాడేవారు. రెండోవైపునుంచి రక్షణ దళం మట్టి తవ్వుకుంటూ వస్తోంది, దానికి ఇంకా టైము పడుతుంది. ఇంజనీరు దీపాలక్కని పక్కకి పిలిచాడు.

"చూడండమ్మా, వాళ్ళు చెయ్యాల్సింది ఒక్కటే. కదలకుండా కూర్చోవాలి. కదిలితే గాలి ఎక్కువ ఖర్చవుతుంది. పైగా వాళ్ళ వెనకాల పాత సొరంగాలున్నాయి, పీలిస్తే ప్రాణం తీసే చెడ్డ గాలి నిండిపోయిందని ఎప్పుడో మూసేశాం. ఇప్పుడా అడ్డుగోడ కూడా కూలి ఉంటుంది. అటువైపు వెళ్ళొద్దని చెప్పాను. కానీ భయం మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. మీ కథ అడుగుతున్నారు. చెప్తారా?"

గొట్టం మూతి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది దీపాలక్క. వెనక, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల తమ్ముడి భార్య నిలబడి ఉంది. మొగుడికి పెట్టాల్సిన టిఫిన్ డబ్బా నిన్నటినుంచి ఆ పిల్ల చేతిలోనే ఉంది.

"చిన్నోడా," అని పిలిచింది.

"అక్కా." ఆ గొంతు ఎక్కడో బావి అడుగునుంచి వచ్చినట్టుంది. "నాన్నకేం చెప్పమంటావు?"

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసింది. "భోజనానికి రమ్మను. ముందు కథ వినండి."

ఇంక చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి వెనక వరస లేదు, తోపులాట లేదు. జీవితంలో మొదటిసారి ఆ ఊరి కథ మొదటినుంచీ ఒకే మనిషి నోట ఒకే ధారగా వచ్చింది. కింద ఆరుగురూ నోరు మెదపకుండా విన్నారు. మధ్యలో బండోడు, "అద్దం పగలగొట్టింది ఎవరో ఇప్పటికైనా చెప్పవే తల్లీ," అంటే పైన సిబ్బంది కూడా నవ్వారు. ఇంజనీరు ఆమె వైపు చూసి బాగుందన్నట్టు తలూపాడు.

నవ్వు విన్నాక ఆమెకి హుషారొచ్చింది. వాళ్ళకి కాస్త ఆశ ఇవ్వాలనిపించింది. అందులో తప్పేముంది? కథలోకి దారితప్పిన ప్రయాణికుల్ని కొందరిని తెచ్చింది. చీకట్లో చిక్కుకుపోయారంది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయంది. అంతలో ఎక్కడినుంచో వెచ్చటి గాలి మొహానికి తగిలిందంది.

"ఎటునుంచక్కా?" కిందనుంచి బండోడి గొంతు.

"పాత కర్రలు కుళ్ళి వంగిపోయిన మలుపుంటుంది. దాని అవతలనుంచి."

"ఆ మలుపు దాటాక?"

"కాస్త వంగి నడవాలి. ఆ గాలి లోపలి ఊరి వంటిళ్ళ మీదుగా వచ్చే గాలి. అది పట్టుకుని పోతే ఊరు చేరినట్టే."

ఎంత శ్రద్ధగా అడుగుతున్నారో అని ఆమె మురిసిపోయింది. కింద ఎవరో ఎవరితోనో గుసగుసలాడటం వినిపించింది. చిన్నోడు మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. ఇంతలో గాలి పంపే వేళైంది. మిషను రొద మొదలైంది.

మిషను ఆగాక మళ్ళీ వంగి, "ఆ, ఎంతవరకూ చెప్పాను?" అంది.

జవాబు రాలేదు. గొట్టం మీద కొట్టింది. కాసేపటికి కర్రల తాత గొంతు, నీరసంగా.

"నేనొక్కణ్ణే ఉన్నానమ్మా. వాళ్ళు బయల్దేరారు."

"ఎక్కడికి?"

"నువ్వు చెప్పావుగా. కుళ్ళిన కర్రల మలుపు. ఆ కర్రలు నేను పడుచువాడిగా ఉన్నప్పుడు నిలబెట్టినవే. అడ్డుగోడ కూలాక అటునుంచి వెచ్చగా గాలి కొడుతూనే ఉంది. నాకు కాలు కదలక ఆగిపోయా, బయటికెళ్ళి మనుషుల్ని పంపిస్తామన్నారు."

దీపాలక్క గొట్టం మూతికి నోరు ఆనించింది. "తాతా, అది కథ! కథ తాతా!"

"అందరికీ తెలుసమ్మా అది కథని. ఊరుందని ఎవడూ వెళ్ళలేదు. దారుందని వెళ్ళారు. మీ నాన్న చెప్పిన దారే కదా. రోజూ నువ్విచ్చిన ముక్కలు పాత సొరంగాలకి ఒక్కొక్కటే సరిపోతుంటే మేమందరం అనుకునేవాళ్ళం, ఈ పిల్ల వాళ్ళ నాన్న తిరిగిన దారులన్నీ కథలో దాచిపెట్టిందని. ఇంజనీరు దగ్గరుండగా పైకి చెప్పలేక కథగా చెప్పావని చిన్నోడు అన్నాడు."

ఇంజనీరు గొట్టం దగ్గరికి తనే వంగి, "వాళ్ళని వెనక్కి పిలవండి! అక్కడ రెండు దారులున్నాయి. కుడి దారి గోడతో ఆగిపోతుంది. ఎడమ దారినిండా చెడ్డ గాలే. లోపల బొగ్గు రాజుకున్న వేడికి వెచ్చబడి వస్తోంది అది," అని అరిచాడు. అరవని మనిషి అరిచేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు నిశ్చేష్టులైపోయారు.

తాత కేకలు పెట్టడం పైకి వినిపించింది. ఆ కేక సొరంగంలో ఎంత దూరం పోతుందో ఎవరికి తెలుసు? దీపాలక్క రెండు చేతులతో గొట్టం పట్టుకుని కూర్చుంది. పట్టుకుని ఏం చేస్తుంది? గుప్పిట్లో ఇమిడే గొట్టం, అందులోంచి చెయ్యి దూరదు, చీర చెంగు దూరదు, మాట ఒక్కటే దూరుతుంది. ఆ మాటే కదా కొంప ముంచింది.

చాలాసేపటికి తాత అన్నాడు. "బండోడు సగం దూరం వెనక్కొచ్చి అరుస్తున్నాడమ్మా. రెండు దారులొచ్చాయట. నలుగురూ అక్కడే ఆగారట. ఎడమా, కుడా అని అడగమంటున్నారు."

"రెండూ కాదు! వెనక్కి రమ్మను! నాన్న నాకేమీ చెప్పలేదని చెప్పు. అంతా నేను అల్లిందేనని చెప్పు. ఒట్టేసి చెప్పానని చెప్పు!"

తాత అరిచాడు. తర్వాత, "నమ్మడం లేదమ్మా. పక్కనుంచి ఇంజనీరు అనిపిస్తున్నాడంటున్నారు. కథ చెప్పినప్పటి మాటలు నీవట, ఇవి నీ మాటల్లా లేవట."

ఆమె ఇంజనీరు వైపు చూసింది. ఆయన చేతులు రెండూ చాచి, ఏమీ తోచక, అలాగే దించేశాడు. నిజం చెప్తే అబద్ధమంటున్నారు. అబద్ధం చెప్తే ప్రాణం పెట్టి వింటున్నారు. ఆమె దగ్గర మిగిలింది కూడా అదొక్కటే. కళ్ళు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. కిటికీ దగ్గర దీపం ఇచ్చేటప్పటి గొంతు ఎక్కడుందో వెతికి తెచ్చుకుంది.

"తాతా, నేను చెప్పింది చెప్పినట్టు ముక్కముక్కగా అరిచి చెప్పు. ప్రయాణికులు రెండు దారుల దగ్గరికొచ్చారు. అక్కడ లోపలి ఊరి కాపలావాడు కనబడ్డాడు."

తాత అరిచాడు.

"కాపలావాడు అడిగాడు, మీలో ఒకరు తక్కువున్నారేం అని. కాలు విరిగిన పెద్దాయన్ని వెనక వదిలేసి వచ్చామన్నారు వీళ్ళు."

తాత గొంతు వణికింది. అయినా అరిచాడు.

"మనిషిని వదిలేసి వచ్చినవాళ్ళకి మా ఊళ్ళో తలుపు తియ్యం అన్నాడు. ఒక ఇంట్లో దీపం ఆరితే అన్నం ముట్టని ఊరు మాది, వెళ్ళి ఆయన పక్కన కూర్చోండి, మేమే దీపాలు పట్టుకుని మీ దగ్గరికొస్తాం అన్నాడు. రెండు తలుపులూ మూసేశాడు."

ఆఖరి మాట అరవడానికి తాతకి ఊపిరి చాల్లేదు. రెండోసారి పూర్తిచేశాడు. తాడు అవతలనుంచి మరదలు, "ఏమంటున్నారు వదినా?" అని అడిగింది. దీపాలక్క చెయ్యెత్తి ఆగమంది.

అడుగుల చప్పుడు ముందు తాతకి వినబడింది. "వస్తున్నారు! వస్తున్నారమ్మా!" అన్నాడు. పైన సిబ్బంది కేరింతలు కొట్టారు. ఎవరో ఆమె భుజం తట్టారు. "చిన్నోడొచ్చాడా?" అని అరిచింది. అంతలో గాలి పంపే వేళైంది. వచ్చినవాళ్ళకి ఇప్పుడు కావలసింది గాలే, మాటలు కావని ఇంజనీరు మిషను వేయించాడు. ఆమె ప్రశ్న ఆ రొదలో కలిసిపోయింది. మిషను మళ్ళీ ఆపేలోగా రక్షణ దళం మట్టి తొలిచేసి వాళ్ళని చేరుకుంది.

మధ్యాహ్నపు ఎండలో లిఫ్టు పైకొచ్చింది. ఆమెని దీపాల గదిలో ఉండమన్నారు, అదే ఆమె చోటు. మనుషులు మసిగొట్టుకున్న మొహాలతో, దుప్పట్లు కప్పుకుని, ఆంబులెన్సు వైపు పోవాల్సినవాళ్ళు అలవాటు చొప్పున కిటికీ దగ్గరికే వచ్చారు. స్ట్రెచర్ మీదనుంచి తాత దీపం అందించాడు. ఆమె కొక్కేనికి తగిలించింది. ఇంకొకరు ఇచ్చారు. మరో ఇద్దరిచ్చారు. అందరికంటే వెనక బండోడు నిలబడ్డాడు. దీపం ఇచ్చి, పక్కకి తప్పుకోకుండా, కిటికీ ఊచ పట్టుకుని ఉండిపోయాడు. వాడి వెనక వరస లేదు.

"చిన్నోడేడీ?" అందామె.

"నీ మాట రెండు దారుల దగ్గరికి మోసుకెళ్ళి చెప్పగానే మేమందరం తిరిగాం అక్కా. తాతని వదిలేసి రావడం మాకూ మనసులో పీకుతూనే ఉంది. వాడు మాత్రం తిరగలేదు. లాగాను, ఒట్టు, చొక్కా చిరిగేదాకా లాగాను. నవ్వాడు. 'అక్కకి గుర్తులేదురా, నాకు గుర్తుంది. ఎడమవైపే. మీరు తాత దగ్గరుండండి, నేను వెళ్ళి తలుపు తీయించుకొస్తా,' అన్నాడు."

చెడ్డ గాలి సోకకుండా ముసుగులు వేసుకుని ఎడమ దారిలోకి వెళ్ళిన దళం అప్పుడే లిఫ్టు దిగింది. అందులో ఒకతను తల వంచుకుని వచ్చి ఒక దీపం కిటికీలో పెట్టాడు. ఇంకా వెలుగుతోంది అది. వచ్చిన దీపాన్ని ఆర్పి కొక్కేనికి తగిలించడం ఆమె పని. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని ఊరికే నిలబడింది.

మరదలు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. టిఫిన్ డబ్బా బల్లమీద పెట్టింది. బండోడి మొహం చూసింది, దీపం చూసింది, ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గోడకి జారగిలబడి కూర్చుంది.

"అందరూ వెనక్కొచ్చారు కదా వదినా. ఆయనకి మాత్రం అటు వెళ్ళమని ఎవరు చెప్పారు?"

"నేనే," అంది దీపాలక్క. "వాడికి ఐదేళ్ళప్పుడు."